నీటిమట్టం కొలతలకు సింగిల్ బోర్డు కంప్యూటర్ ఎంపికపై తీర్మానం

అనంతపురంలో సమావేశమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడుకరులు, సాంకేతిక విద్యార్థులు, తమ బోర్లలో నీటిమట్టం తామే కొలుచుకునే రైతులు కలిసిన ఉమ్మడి సభ ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

సభ గమనించినది ఏమనగా, ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కాలువ నీరు అందని మండలాల్లో సేద్యం వాన మీద, బోరు మీద నడుస్తున్నది. 2003లో మొదలైన, రైతుల నిర్వహణలోని భూగర్భ జల వ్యవస్థల పథకం (ఏపీఎఫ్‌ఏఎంజీఎస్) కింద ఈ జిల్లాతో సహా ఏడు జిల్లాల్లో రైతులే వర్షమాపకాలు చూశారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఆ లెక్క ముందు పెట్టుకుని రబీ పంటల గురించి మాట్లాడుకున్నారు. నీటిమట్టం నమోదు చేసే యంత్రం ఆ పద్ధతికి తోడు కావాలే గాని రైతు చేతిలోని కొలత టేపును లాక్కోరాదు.

సభ గమనించిన మరో విషయం, ఈ పనికి సింగిల్ బోర్డు కంప్యూటర్ (ఇకపై బోర్డు) కొనేవారు ధర, వేగం, మెమరీ చూస్తున్నారు; దాని మీద నడవాల్సిన ఆపరేటింగ్ సిస్టమ్ చివరికి గుర్తొస్తున్నది. లినక్స్ నడుస్తుందని పెట్టె మీద రాసి ఉంటే చాలదు. చాలా చౌక బోర్డులతో వచ్చేది తయారీదారు తనకు తోచినట్టు మార్చుకున్న పాత కెర్నల్. భద్రతా లోపం బయటపడినప్పుడు సవరణ ప్రధాన కెర్నల్‌కు వస్తుంది, ఆ బోర్డు దాకా రాదు. కళ్యాణదుర్గం పొలంలో బిగించిన పెట్టెను బాగుచేయడానికి ఏ కంపెనీ మనిషీ రాడు.

సభ విచారంతో నమోదు చేస్తున్నది ఏమనగా, ఇంటెల్ 2017లో గెలీలియో, ఎడిసన్ బోర్డులను ఆపేసింది. తొమ్మిది డాలర్ల ‘చిప్’ అనే బోర్డును తెచ్చిన సంస్థ 2018లో మూతపడింది. 2021 తర్వాత వచ్చిన చిప్‌ల కొరతలో రాస్ప్‌బెర్రీ పై బోర్డులు కూడా చాలాకాలం సులువుగా దొరకలేదు. పెద్ద పేరు హామీ కాదు, చౌక ధర అసలే కాదు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఆ వారం ఏది దొరికితే అది తెచ్చి బిగించే అలవాటుకు ఇక స్వస్తి చెప్పాలి.

తీర్మానించడమైనది: ముందు ఆపరేటింగ్ సిస్టమ్, ఆ తర్వాతే బోర్డు. ఆపరేటింగ్ సిస్టమ్‌గా డెబియన్‌ను సభ ఎంచుకున్నది. అది 1993 నుంచి స్వచ్ఛంద సభ్యుల చేతుల్లో ఉన్నది, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఒక్కో విడుదలకు దీర్ఘకాలిక మద్దతుతో కలిపి దాదాపు ఐదేళ్లు భద్రతా సవరణలు అందుతాయి. పరీక్ష ఒక్కటే: డెబియన్ భాండాగారంలోని కెర్నల్‌తో, తయారీదారు ప్యాచులేవీ లేకుండా బోర్డు బూట్ కావాలి, నెట్‌వర్క్, నిల్వ, యూఎస్‌బీ, జీపీఐవో పిన్నులు పనిచేయాలి. ఈ పరీక్షలో నిలవని బోర్డు ఉచితంగా వచ్చినా తీసుకోరాదు.

తీర్మానించడమైనది: బోరు దగ్గర పెట్టడానికి బీగుల్‌బోన్ బ్లాక్‌ను వాడాలి. దాని సర్క్యూట్ పటాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, ప్రధాన కెర్నల్‌లో దానికి ఏళ్ల తరబడి మద్దతు ఉన్నది, మూసిన ఫర్మ్‌వేర్ ఫైలు ఏదీ అడగకుండానే బూట్ అవుతుంది. 512 మెగాబైట్ల మెమరీ, 32 బిట్ల ప్రాసెసర్ పాతవే. గంటకోసారి ఒక అంకె రాసుకునే పనికి అంతకు మించి అక్కర్లేదు. బోర్డులోనే ఉన్న 4 గిగాబైట్ల నిల్వ వల్ల ఎస్‌డీ కార్డు పాడయ్యే బెడద తప్పుతుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో లేని అనలాగ్ ఇన్‌పుట్లు దీనికి ఏడు ఉన్నాయి. అయితే అవి 1.8 వోల్టులు దాటితే తట్టుకోవు. నీటిమట్టం సెన్సరు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల రకమైతే 82 ఓముల నిరోధకం పెట్టాలి. అప్పుడు 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర కూడా వోల్టేజీ 1.64 వోల్టుల దగ్గర ఆగుతుంది. చేతికందిన నిరోధకం తగిలించి బోర్డు కాల్చుకోరాదు.

తీర్మానించడమైనది: కళాశాల ప్రయోగశాలకు, ఊళ్ల లెక్కలన్నీ చేరే గది కంప్యూటరుకు రాస్ప్‌బెర్రీ పై-4 వాడవచ్చు. దాని బూటింగ్ మూసిన ఫర్మ్‌వేర్‌తో మొదలవుతున్నందుకు సభ విచారం వ్యక్తం చేస్తున్నది. అలాంటి ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చవచ్చని డెబియన్ సభ్యులే 2022లో ఓటు వేసి నిర్ణయించినందున, ఈ రాజీని సభ అంగీకరిస్తున్నది. పై-5కు 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్ల సరఫరా సిఫారసు చేశారు. సోలార్ పలక మీద బతకాల్సిన చోట దాన్ని వాడరాదు.

సభ ఆదేశిస్తున్నది ఏమనగా, వ్యవసాయ ఫీడరులో రోజంతా కరెంటు ఉండదు కనుక ప్రతి క్షేత్ర బోర్డుకూ సోలార్ పలక, బ్యాటరీ, వాటితో పాటు డీఎస్3231 గడియారపు మాడ్యూలు తప్పనిసరి. బీగుల్‌బోన్ బ్లాక్, పై-4 రెండింటిలోనూ కరెంటు పోయినా నడిచే గడియారం లేదు. నెట్ అందని చోట తిరిగి మొదలైన బోర్డు పాత తేదీ వేసి కొలతలు రాస్తూ పోతుంది. తేదీ తప్పిన నీటిమట్టంతో పంట నిర్ణయించడం కంటే కొలత లేకపోవడమే మేలు. బోర్డును మోటారు స్టార్టరు డబ్బాలో పెట్టరాదు, కాంటాక్టరు పడినప్పుడల్లా పుట్టే విద్యుత్ అలజడికి సెన్సరు అంకెలు చెదురుతాయి. మే నెల ఎండలో ఇనుప పెట్టెను నీడ లేకుండా వదలరాదు. గదిలోని పై-4కు కూడా గాలి తగలాలి, ప్రాసెసర్ 80 డిగ్రీలకు చేరితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

సభ అభిప్రాయంలో, ఒంటరి వర్షమాపకానికి కంప్యూటరే అవసరం లేదు. చిన్న మైక్రోకంట్రోలరు చాలు. ఉన్న ప్రతి పనికీ బోర్డు తగిలించే ఉత్సాహాన్ని సభ ప్రోత్సహించదు.

తీర్మానించడమైనది: రైతు చూసే తెర తెలుగులోనే ఉండాలి, అంకెల పక్కన అడుగులు, మీటర్లు రెండూ కనబడాలి. లోహిత్ తెలుగు ఫాంటు డెబియన్ ప్యాకేజీగానే దొరుకుతున్నందున దీనికి సాకు లేదు. కొలతలు సాదా టెక్స్ట్ ఫైళ్లలో ఉండాలి, వాటి నకలు ఆ బోరు రైతుకు అడిగిన రోజే ఇవ్వాలి. నెలకోసారి టేపుతో కొలిచి బోర్డు చూపిన అంకెతో సరిపోల్చాలి. తేడా వస్తే టేపు కొలతే ప్రమాణం.

పొలంలోనూ పై-4నే వాడాలన్న సవరణ వీగిపోయింది. తీర్మానం ఆమోదం పొందింది. దీని ప్రతులను అనంతపురం జేఎన్‌టీయూకు, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి, భూగర్భ జల శాఖ జిల్లా కార్యాలయానికి పంపాలి.