పాఠం గ్రూపులో ఉంటే చాలదు
2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు వాటికి తోడుగా టీచర్లు వాట్సాప్ గ్రూపులు పెట్టుకున్నారు. కరోనాతో మూతపడిన బడులు తెరిచాక కూడా ఆ గ్రూపులు మిగిలాయి. చాలాచోట్ల హోంవర్క్ ఫొటోలకీ, సెలవు కబుర్లకీ పరిమితమయ్యాయి. నాకు బాధ కలిగించేది ఇదే. నాలుగో తరగతి పిల్ల తెలుగు పాఠంలో ఒక పేరా చదివి వాయిస్ మెసేజ్ పంపిందనుకోండి. వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తుంటుంది, 'ళ' దగ్గర నాలుక తడబడుతుంది, ఒత్తు దగ్గర ఆగి మళ్లీ మొదలుపెడుతుంది. నలభై మంది ఉన్న తరగతిలో ఆ తడబాటు టీచరు చెవిన పడడం కష్టం. వాయిస్ మెసేజ్ అయితే రెండోసారి వినొచ్చు, ఆ పిల్లకు మాత్రమే సరిచేసి చెప్పొచ్చు. అయితే ఆ జవాబు గ్రూపులో కాకుండా విడిగా వెళ్లాలి. నలుగురిలో తప్పు దిద్దితే పిల్ల మళ్లీ గొంతు విప్పదు. ఫోనూ, వాట్సాప్ ఖాతా కూడా అమ్మవో నాన్నవో అయి ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. అలాంటప్పుడు పిల్లల ఆటపాటల్ని రీల్స్ చేసి బడి ప్రచారానికి వాడుకుంటూ దాన్ని బోధన అంటే నేను ఒప్పుకోను. ఇంకో మాట. నాన్న పొలం నుంచో డ్యూటీ నుంచో వచ్చేదాకా చాలా ఇళ్లలో ఫోనే ఉండదు. అందుకే మెసేజ్ పంపడానికి గడువు మర్నాటికి కాకుండా వారం ఇవ్వాలి; ఫోను లేని పిల్ల చదివే పేరాను టీచరు బడిలోనే, పక్కన కూర్చోబెట్టుకుని వినాలి.