నదీజల పరీక్ష

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది హైదరాబాదు మురుగును మోసికొని వాడపల్లి కడ కృష్ణలో కలియుచున్నది. నీటి మంచిచెడ్డలను కన్ను నిర్ణయింపజాలదు, కొలతయే నిర్ణయింపవలెను. 1974వ సంవత్సరపు జలచట్టము ననుసరించి యేర్పడిన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, స్నానమునకు తగిన నదీజలమునకు హద్దులు విధించినది. లీటరు నీటిలో కరగియుండి చేపలకు ఊపిరియగు ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. అందలి మలినములు కుళ్ళుచు అయిదు దినములలో హరించు ప్రాణవాయువు 3 మిల్లీగ్రాములకు మించరాదు.

అయినను, జ్వరమును కొలిచినంతమాత్రమున రోగము కుదురునా? అంకెలు పుస్తకమునందే నిలిచినచో నది బాగుపడదు. హద్దు దాటినచోట మురుగును శుద్ధిచేసిన పిదపనే నదిలోనికి విడువవలెను. ఆ నీటితోడనే దిగువ గ్రామముల రైతులు పైరు పండించుచున్నారని పట్టణవాసులు మరువరాదు.