మూత మూస్తే పని భద్రమా?



మా గదిలో నలుగురికీ ఒకటే పాత ల్యాప్‌టాప్. మొన్న రాత్రి ప్రాజెక్టు సగం టైప్ చేసి, సేవ్ చేయకుండా మూత మూసి పడుకున్నాం. తెల్లారేదాకా కరెంటు రాలేదు. ఛార్జింగ్ అయిపోయింది, రాసిందంతా పోయింది. "మీకు వాడటం రాదు" అన్నారు. మేమూ నిజమే అనుకున్నాం.

తర్వాత తెలిసింది. మూత మూస్తే మామూలుగా స్లీప్‌లోకి వెళ్తుంది. అప్పుడు మన పని ర్యామ్‌లోనే ఉంటుంది, కరెంటు అందినంతసేపే నిలుస్తుంది. హైబర్నేట్ అయితే అదంతా డిస్కులో రాసిపెట్టి ఆగిపోతుంది. లేవడానికి కాస్త ఆలస్యం, అంతే. ఛార్జింగ్ అడుగంటితే విండోస్ తనంతట తానే హైబర్నేట్ చేయాలి గానీ, అరిగిపోయిన బ్యాటరీ ఆ టైమ్ ఇవ్వదు. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో పవర్ మెనూలో హైబర్నేట్ అసలు కనబడదు.

కరెంటు పోని ఊళ్లను, కొత్త బ్యాటరీలను చూసి చేసిన ఏర్పాటిది. హైబర్నేట్ అందరికీ ముందే కనబడాలని మా అభిప్రాయం.

అప్పటిదాకా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా మార్చుకుందాం. సేవ్ చేయడం మాత్రం మరవొద్దు. మన ఇళ్లల్లో ఇవి చెప్పేవాళ్లు లేరు. హాస్టల్‌కి కొత్తగా వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మొదటి రోజే మనమే చూపిద్దాం.