ఎండకు జడిసే దొర

మా ఇంట అన్నదమ్ములిద్దరు పొద్దుపోయినా కంప్యూటరు వదలక, “ఎండ వచ్చేస్తోందిరా, చెట్టునీడకు పరుగెత్తు!” అని కేకలు వేస్తూంటే, కోప్పడదామనే వెళ్ళాము, చూస్తూ కూర్చుండిపోయాము.

అది స్వీడన్ దేశపు స్టన్‌లాక్ వారి ‘వి రైజింగ్’ అనే ఆట. 2022 మేలో తొలిరూపమూ, 2024 మేలో పూర్తిరూపమూ వెలువడినవి. ఆడేవాడే రక్తపిశాచి. స్నేహితులు జట్టుకట్టి కోట కట్టుకోవచ్చు. ఎండ సోకితే ఒళ్ళు కాలుతుంది. కోట గుండెకు రక్తసారం పోయడం మరచితే గోడలు శిథిలమవుతాయి.

ఒక తమాషా వినండి. 1897లో బ్రామ్ స్టోకర్ వ్రాసిన ‘డ్రాక్యులా’ నవలలో ఆ దొర పట్టపగలే లండను వీధుల్లో తిరుగుతాడు. శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండ తగిలి నశించడం 1922 నాటి జర్మన్ మూగచిత్రం ‘నోస్‌ఫెరాతు’ ప్రచారంలోకి తెచ్చిన కల్పన. ఇప్పుడదే శాస్త్రమై కూర్చుంది!

కుర్రవాళ్ళతో ఒక్కమాటే అన్నాము: “నాయనా, ఆ కోట పడిపోకుండా అంత శ్రద్ధగా కాపాడుకుంటున్నారే! మీ అమ్మ వడ్డించి ఎదురుచూస్తోంది. ఈ ఇంటి గుండెకూ రోజుకో అరగంట పోయండర్రా.”

నిన్న రాత్రి పిలవకుండానే ఇద్దరూ కంచాల ముందుకు వచ్చారు.