కలానికి వెలుగు సాక్ష్యం

చేతితో చేసిన కలాన్ని కొనే పద్ధతి ఒకప్పుడు వేరు. కొనదలచినవారు దుకాణంలో కూర్చుని, మూత తిప్పి చూసి, పాళీని సిరాలో ముంచి, కాగితం మీద తమ పేరు రాసుకుని, చేతికి నచ్చితేనే డబ్బు చెల్లించేవారు. నేడు జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబీకునికి రాజమహేంద్రవరపు కలం మీద మనసు పడితే, చేతికంటే ముందు కన్ను తీర్పు చెప్పవలసి వస్తుంది. ఆ కంటికి అందేది ఒక్క ఫొటో మాత్రమే. తయారీదారు శ్రమకు దక్కే విలువా, కొనుగోలుదారు నమ్మకమూ ఆ ఫొటో మీదనే ఆధారపడి ఉంటాయి.

రాజమహేంద్రవరపు కలానికి చరిత్ర ఉంది. 1932లో కె.వి. రత్నం అక్కడ కలాల తయారీ ప్రారంభించారు. గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి. కుమారప్ప ద్వారా ఒక కలం గాంధీజీకి చేరింది. దానిని వాడి చూసిన గాంధీజీ, బజారులో దొరికే విదేశీ కలాలకు ఇది మంచి ప్రత్యామ్నాయంగా కనిపిస్తున్నదని 1935 జూలై 16న రత్నం గారికి లేఖ రాశారు. ‘వాడి చూశాను’ అన్న ఆ ధ్రువీకరణకు మించిన ప్రకటన ఏ కలానికీ అవసరం లేదు. అటువంటి యోగ్యతాపత్రం అందరికీ దొరకదు గనుక, ఫొటోయే ఆ పని చేయాలి.

అయితే ఈ కలాల ఫొటో తీయడం చూసినంత సులభం కాదు. అందుకు కారణం వాటి ముడిపదార్థంలోనే ఉంది. రబ్బరులో అధిక మోతాదులో గంధకం కలిపి గంటల తరబడి వేడిచేస్తే గట్టి ఎబొనైట్ తయారవుతుంది. దాని కడ్డీని లేతు మీద తరిచి, సానపెట్టి మెరుగు తెస్తారు. అలా మెరిసే నల్లని గుండ్రటి వస్తువు అద్దంతో సమానం. దాని ఎదుట కెమెరా పెడితే కనిపించేది కలం ఒక్కటే కాదు. కిటికీ, పైకప్పు, ఫొటో తీసేవారి చొక్కా, వేళ్ళు కూడా అందులో ప్రత్యక్షమవుతాయి. ఫ్లాష్ వెలిగిస్తే మధ్యలో తెల్లని మచ్చ పడి, మిగిలిన భాగం చీకటిలో కలిసిపోతుంది.

కనుక వెలుగును కలం మీద కుమ్మరించరాదు, వడకట్టి అందించాలి. ఎండ నేరుగా పడని కిటికీకి పలుచని తెల్లటి గుడ్డ కట్టి, కలాన్ని దానికి సమాంతరంగా ఉంచితే, మూత నుంచి చివరి వరకు ఒకే వెలుగు గీత సాగుతుంది. ఎదుటివైపు నిలబెట్టిన తెల్లని అట్టముక్క నీడను మృదువు చేస్తుంది. ఆ వెలుగు గీత అలంకారం కోసం మాత్రమే కాదు. గీత తిన్నగా ఉంటే తరపటం తిన్నగా ఉన్నదని అర్థం; అది వంకర పోయిన చోట కలం మీద ఎత్తుపల్లాలు ఉన్నాయని అర్థం. 1907లో ఉక్కు కర్మాగారం కోసం ఏర్పడిన టాటా సంస్థతో పాటే పెరిగిన జంషెడ్‌పూర్‌లో, లేతు పని తెలిసినవారికి ఈ పరీక్ష కొత్త కాదు. నున్నచేసిన కడ్డీని వారు వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసేది అందుకే.

మరికొన్ని జాగ్రత్తలు అవసరం. కెమెరా నలుపును బూడిదరంగుగా మార్చజూస్తుంది. అందుచేత నల్లని కలం చట్రమంతా నిండినప్పుడు ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించాలి. ఫోనును మరీ దగ్గరగా తెస్తే దగ్గరి కొన లావుగా, దూరపు కొన సన్నగా కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగి జూమ్ వాడితే కొలతలు నిజానికి దగ్గరగా వస్తాయి. పగటి వెలుతురును, విద్యుద్దీపపు కాంతిని కలపరాదు. కలిపితే గోధుమరంగు చారల ఎబొనైట్ అసలు వర్ణం కోల్పోతుంది. పక్కన ఒక స్కేలు ఉంచితే పరిమాణం గురించి ఎవరికీ సందేహం మిగలదు. అన్నిటికంటే ముందు వేలిముద్రలను మెత్తటి గుడ్డతో తుడవాలి. మంచి వెలుతురు కోసమని కలాన్ని ఎండలో వదిలివేయడం తగదు. ఎండకూ తేమకూ ఎబొనైట్ మెరుపు తగ్గి, నలుపు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. ఫొటో కోసం కలాన్నే పాడుచేసుకున్నట్లవుతుంది.

ఇక్కడ ఒక ప్రలోభం పొంచి ఉంటుంది. తరపటంలో మిగిలిన సన్నని గీతలను, మూత అంచున కనిపించే స్వల్పమైన తేడాను కంప్యూటరులో చెరిపివేయడం ఇప్పుడు క్షణాల పని. ధూళికణాన్ని తొలగిస్తే తప్పులేదు. అది కలానికి చెందినది కాదు. కాని చేతిపని జాడను చెరిపితే, అది చేతితో చేసినదన్న ఆధారమే పోతుంది. పైగా పార్సిలు విప్పిన కొనుగోలుదారుకు ఫొటోలో లేని గీత లోపంగా తోస్తుంది. ముందే చూపి ఉంటే అదే గీత పనివాని సంతకంగా కనిపించేది.

ఫొటోగ్రఫీ అన్న గ్రీకు మూలపు మాటకు వెలుగుతో రాయడమని అర్థం. ఫొటోలతో వెలువడిన తొలి గ్రంథాల్లో ముఖ్యమైనదానికి, ఇంగ్లండుకు చెందిన టాల్బట్ 1844లో ‘ప్రకృతి లేఖిని’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. అందులో పింగాణీ పాత్రల ఫొటో ఒకటి ఉంది. ఆ పాత్రలను దొంగ ఎత్తుకుపోతే, ఈ మూగ చిత్రం న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలవగలదని ఆయన ఊహించాడు.

దూరాన ఉన్న కొనుగోలుదారు ఎదుట కలం ఫొటో చేసేదీ ఆ సాక్షి పనే. సాక్షి శుభ్రంగా దుస్తులు ధరించి రావచ్చు. వెలుతురులో నిలబడి స్పష్టంగా మాట్లాడవచ్చు. చెప్పేది మాత్రం నిజమై ఉండాలి. తొలి కలాన్ని ఫొటో అమ్మగలదు. రెండవ కలం అమ్ముడుపోవాలంటే, చేతికి అందిన మొదటి కలం ఆ ఫొటోను నిజమనిపించాలి.