మీ పాప స్కూల్ బ్యాగు మీద నాయకుడి బొమ్మ ఉండొచ్చా? బడిలో రాజకీయం గురించి చట్టం ఏం చెబుతోంది?

జూన్‌లో బడి తెరిచారు. సర్కారు బడిలో మూడో తరగతి చదివే మీ పాప కొత్త బ్యాగు తగిలించుకుని ఇంటికొచ్చింది. బ్యాగు గట్టిగానే ఉంది, బూట్లు కూడా సరిపోయాయి. బ్యాగు మీద మాత్రం ముఖ్యమంత్రి నవ్వుతూ కనిపిస్తున్నారు. మీరు ఆయనకు ఓటేసి ఉండొచ్చు, వేయకపోయి ఉండొచ్చు. పాపకైతే ఇంకో పదేళ్ల దాకా ఓటు లేదు. అయినా ఆ బొమ్మను రోజూ వీపున మోసేది తనే.

'ఇదేంటి?' అని అడగాలనిపిస్తుంది. కానీ అడిగితే వచ్చేది ఆగిపోతుందేమో, టీచర్ పాపను వేరుగా చూస్తారేమో, మనకు 'ఆ పార్టీ వాళ్లు' అని ముద్ర పడుతుందేమో అన్న భయం కూడా ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు అక్కడే ఆగిపోతారు. అసలు చట్టం ఎక్కడ గీత గీసింది, ఎక్కడ గీయకుండా వదిలేసింది, మీరు ఎవరిని అడగొచ్చు అన్నది చూద్దాం.

ఒక్క పార్టీ కథ కాదు

ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 8న 'జగనన్న విద్యా కానుక' మొదలైంది. పుస్తకాలు, యూనిఫాం బట్ట, బూట్లు, బెల్టు, బ్యాగు అన్నీ ఒకే కిట్‌గా ఇచ్చారు. మధ్యాహ్న భోజనం 'జగనన్న గోరుముద్ద' అయింది. పిల్లలకిచ్చే చిక్కీ కవరు మీద కూడా ముఖ్యమంత్రి బొమ్మ కనిపించేది. అంతకుముందు 2014-19 మధ్య 'చంద్రన్న' పేరుతో బీమా, సంక్రాంతి కానుక నడిచాయి. తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ వచ్చింది. అంటే బిడ్డ బడికి వెళ్లే దాకా ఆగక్కర్లేదు, పుట్టిన ఆసుపత్రిలోనే నాయకుడి పేరు పలకరిస్తుంది.

ప్రభుత్వం మారితే ఏమవుతుందో 2024లో రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. తెలంగాణలో జూన్‌లో పంచిన తెలుగు పాఠ్యపుస్తకాల ముందుమాటలో గత ముఖ్యమంత్రి కేసీఆర్ పేరు అలాగే ఉండిపోయింది. గగ్గోలు మొదలైంది. పంచిన పుస్తకాలను వెనక్కి తెప్పించి, ఆ పేజీ కనబడకుండా అతికించి మళ్లీ ఇచ్చారు. అతికించిన పేజీ కనిపిస్తే ఏ పిల్లాడైనా ముందు చేసే పని దాన్ని ఊడదీసి లోపల ఏముందో చూడటం. ఆ పుస్తకంలో అంతకంటే ఆసక్తిగా చదివిన పేజీ ఇంకొకటి ఉండి ఉండదు.

ఏపీలో కొత్త ప్రభుత్వం జూలై చివర్లో పేర్లు మార్చింది. విద్యా కానుక 'సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర' అయింది. గోరుముద్ద 'డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం'గా, అమ్మ ఒడి 'తల్లికి వందనం'గా మారాయి. కిట్లపై పార్టీ రంగులు, నేతల ఫొటోలు ఉండవని ప్రకటించారు. ఇది మంచి మార్పే. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవారికి వండి పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పిల్లల భోజనానికి పెట్టడంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. కాకపోతే ఇది ఒక ప్రభుత్వం తనంతట తాను తీసుకున్న నిర్ణయం. రేపు వచ్చే ప్రభుత్వం మళ్లీ తన నాయకుడి బొమ్మ వేస్తానంటే అడ్డుకునే చట్టం ఉందా?

చట్టం ఎంతవరకు వచ్చింది?

సూటిగా చెప్పాలంటే, సగం దూరమే వచ్చింది.

ప్రభుత్వ ప్రకటనల్లో ఎవరి ఫొటోలు వేయొచ్చన్న దానిపై సుప్రీంకోర్టు 2015 మే 13న తీర్పు ఇచ్చింది. రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప వేరేవి వద్దంది. రాష్ట్రాలు పునఃసమీక్ష కోరాయి. 2016 మార్చి 18న కోర్టు పట్టు సడలించి ముఖ్యమంత్రులు, గవర్నర్లు, సంబంధిత శాఖల మంత్రుల ఫొటోలకు కూడా అనుమతి ఇచ్చింది. అయితే ప్రజల డబ్బుతో వేసే ప్రకటన అధికార పార్టీకి ప్రచారం కాకూడదన్న నిబంధన అలాగే ఉంది. పార్టీ గుర్తు, జెండా ఉండకూడదు. ఆ తీర్పు మాట్లాడింది పత్రికలు, టీవీల్లాంటి చోట్ల వచ్చే ప్రకటనల గురించి. పిల్లల బ్యాగు, చిక్కీ కవరు గురించి నేరుగా ఏమీ చెప్పలేదు.

మరి పథకం పేరు? తమిళనాడులో 'ఉంగళుడన్ స్టాలిన్' పేరుపై గొడవ కోర్టుకెక్కింది. బతికున్న నాయకుల పేర్లు కొత్త పథకాలకు పెట్టొద్దని మద్రాసు హైకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 6న దాన్ని కొట్టేసింది. నాయకుల పేర్లతో పథకాలు దేశమంతా ఉన్నాయని, ఒక్క పార్టీనే లక్ష్యంగా చేసుకోవడం సరికాదని చెబుతూ, కేసు వేసిన అన్నాడీఎంకే ఎంపీకి 10 లక్షల రూపాయల జరిమానా కూడా వేసింది. కాబట్టి పేరు ఒక్కటే పట్టుకుని కోర్టుకు వెళ్లాలనుకుంటే ఈ తీర్పు ముందు గుర్తు పెట్టుకోండి.

రంగుల విషయంలో మాత్రం తెలుగు నేల మీదే గట్టి తీర్పు ఉంది. ఏపీలో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేయడాన్ని హైకోర్టు 2020 మార్చిలో తప్పుపట్టింది. ప్రభుత్వం ఆ రంగులకు ఇంకో రంగు కలిపి కొత్త జీవో తెచ్చినా ఒప్పుకోలేదు. అదే ఏడాది జూన్ 3న సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. ఆ కేసు పంచాయతీ ఆఫీసులది. కానీ ప్రజల డబ్బుతో కట్టిన భవనం పార్టీ గోడ కాదన్న వాదన బడి గోడకూ సరిపోతుంది. ఫిర్యాదు రాసేటప్పుడు మీరు ధైర్యంగా ప్రస్తావించగల తీర్పు ఇది.

ఇక్కడ రాజ్యాంగంలో ఒక ఖాళీ కూడా ఉంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ చేయకూడదని 28వ అధికరణం స్పష్టంగా చెబుతోంది. పార్టీ బోధ గురించి అలాంటి వాక్యం ఎక్కడా లేదు. బ్రిటన్‌లో 1996 విద్యా చట్టం ఆ పని చేసింది. తరగతిలో ఒక పక్షం రాజకీయాన్ని ప్రోత్సహించకూడదని 406వ సెక్షన్, రాజకీయ అంశం పాఠంలోకి వస్తే భిన్నాభిప్రాయాలను సమతూకంగా చెప్పాలని 407వ సెక్షన్ అంటాయి. మన దగ్గర ఆ పనిని ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు, విద్యాహక్కు చట్టం, ఎన్నికల సంఘం ఆదేశాల నుంచి ముక్కలు ముక్కలుగా ఏరుకోవాలి.

టీచర్ ఏం చేయకూడదు?

రాజకీయం గురించి మాట్లాడటం తప్పు కాదు. సోషల్ పుస్తకంలో ఎన్నికలు, పార్టీలు, ప్రభుత్వం పాఠాలుగానే ఉన్నాయి. 'ఈ పథకానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?' అని పిల్లాడు అడిగితే 'మీ అమ్మానాన్న కట్టే పన్నుల నుంచి' అని చెప్పే టీచర్ తన పని తాను చేస్తున్నట్టే. ఇలాంటి వాటి మీద ఫిర్యాదు చేసే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

పార్టీ కోసం పనిచేయడం వేరు. ప్రభుత్వ ఉద్యోగులు రాజకీయ పార్టీల్లో ఉండటం, ప్రచారం చేయడం 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం నిషేధం. టీచర్లను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప చదువుకు సంబంధం లేని వేరే పనికి వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. పిల్లలను వెంటబెట్టుకుని సభకు తీసుకెళ్లమని పైనుంచి ఫోన్ వస్తే, టీచర్ చేతికి ఉన్న చట్టం ఇదే.

ఆ ఫోన్లు సాధారణంగా కాగితం మీదకు రావు. హెడ్మాస్టర్‌కు వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తుంది, అక్కడి నుంచి మీ క్లాస్ గ్రూపుకు వస్తుంది: 'రేపు పిల్లలను యూనిఫాంలో తప్పక పంపండి.' ఎక్కడికి, ఎందుకు, ఎన్ని గంటల దాకా అన్నది అందులో ఉండదు. అడగండి. తల్లిదండ్రులుగా ఆ మాత్రం అడిగే హక్కు మీకుంది. ఎండలో కూర్చోబెట్టే సభకు పంపనంటే మీ పిల్లల మీద ఎవరైనా ఒత్తిడి తెస్తే అది మానసిక వేధింపు కిందకు రావచ్చు. దాన్ని అదే చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. జాతీయగీతం పాడలేదని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, వాళ్లు గౌరవంగా నిలబడ్డారు కాబట్టి తిరిగి చేర్చుకోమని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. జాతీయగీతం విషయంలోనే బలవంతం చెల్లనప్పుడు ఒక నాయకుడికి జై కొట్టాలన్న బలవంతం ఎలా చెల్లుతుంది?

ఎన్నికల సమయంలో నిబంధన ఇంకా కఠినం. ర్యాలీలు, నినాదాలు, కరపత్రాల పంపిణీ, ఇలా ఏ ప్రచార పనిలోనూ పిల్లలను వాడకూడదని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరి 5న పార్టీలకు ఆదేశాలిచ్చింది. నాయకుడు పిల్లాణ్ని ఎత్తుకుని ఊరేగడం కూడా అందులోకే వస్తుంది. అయితే మీరు సభకు వెళ్తూ మీ బిడ్డను వెంట తీసుకెళ్తే, ప్రచారంలో వాడనంతవరకు అది తప్పు కాదు.

గేటు లోపలికి ఎవరు రావొచ్చు?

రాజకీయ గుర్తులు, కండువాలతో బడి ప్రాంగణంలోకి రావొద్దని, తల్లిదండ్రులు, కమిటీ సభ్యుల్లాంటివారు తప్ప బయటివారిని అనుమతించొద్దని ఏపీ పాఠశాల విద్యాశాఖ 2025 ఆగస్టులో ఆదేశాలిచ్చింది. వినడానికి బాగానే ఉంది. కానీ ఇలాంటి నిషేధం ఎవరికి గట్టిగా తగులుతుందో ఊహించడం కష్టం కాదు. మధ్యాహ్న భోజనం బాగాలేదని చూడటానికి వచ్చే ప్రతిపక్ష కార్యకర్త గేటు బయటే ఆగుతాడు. అధికార పార్టీ ఎమ్మెల్యే ముఖ్య అతిథిగా వస్తే గేటు రెండు తలుపులూ తెరుచుకుంటాయి. ఎన్నికైన ప్రతినిధి బడికి రావడం తప్పేమీ కాదు. ఆయన వెంట వచ్చే ఇరవై మంది కండువాల సంగతేంటి? నా లెక్కలో ఆ ఆదేశానికి అసలు పరీక్ష అది.

2024 డిసెంబరు 7న ఏపీ అంతటా ఒకేరోజు జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశాన్నీ ఇలాగే చూడాలి. బడికి రావడమే అలవాటు లేని తల్లులు ఆ రోజు వచ్చి మార్కుల కార్డు చూశారంటే అది మేలే. బాపట్ల మున్సిపల్ హైస్కూల్‌కు ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి వచ్చారు. అలాంటి చోట మీరు చూసుకోవాల్సింది ఒక్కటే: ఆ రోజు టీచర్‌తో మీ పాప చదువు గురించి మాట్లాడే సమయం మీకు దొరికిందా, లేక వేదిక ముందు కుర్చీ మాత్రమే దొరికిందా?

మీరు ఏం చేయొచ్చు?

ముందు తేదీ, సమయం, ఎవరు పిలిచారు అన్నవి రాసి పెట్టుకోండి. గ్రూపులో వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. వేరే పిల్లల ముఖాలున్న ఫొటోలు మాత్రం సోషల్ మీడియాలో పెట్టకండి. మీ ఫిర్యాదు వాళ్లకు సమస్య కాకూడదు.

హెడ్మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. చాలాసార్లు హెడ్మాస్టర్ మీకు లోలోపల కృతజ్ఞతగానే ఉంటారు. 'తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు సార్' అని పైవాళ్లకు చెప్పడానికి ఆయనకు ఒక కాగితం దొరుకుతుంది. ఆ తర్వాత ఎంఈవో, డీఈవో. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఏపీలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. ఆ నిర్ణయం సరిగా లేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఎన్నికల కోడ్ ఉంటే సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెట్టండి. 100 నిమిషాల్లో స్పందించాలన్నది దాని లక్ష్యం.

నేరుగా గొడవపడటం ఇష్టం లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు మెత్తటి దారి. జిల్లా, రాష్ట్ర స్థాయి ఆఫీసులో 10 రూపాయల రుసుముతో అడగండి: ఈ ఏడాది బ్యాగులపై, కవర్లపై ముద్రణకు ఎంత ఖర్చయింది, ఫలానా తేదీన పిల్లలను తరలించడానికి ఆదేశం ఎవరిచ్చారు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 'ఆదేశం లేదు' అన్న జవాబు కూడా మీకు ఉపయోగమే. అప్పుడు ఆ తరలింపు ఎవరి బాధ్యతో వాళ్లే చెప్పాలి.

ఖర్చు సంగతి ఎందుకు అడగాలంటే తమిళనాడు చూడండి. 2021లో అక్కడ ప్రభుత్వం మారేటప్పటికి జయలలిత, పళనిస్వామి ఫొటోలున్న దాదాపు 65 లక్షల బ్యాగులు సిద్ధంగా ఉన్నాయి. వాటిని పారేయకుండా అలాగే పంచమని కొత్త ముఖ్యమంత్రి స్టాలిన్ చెప్పారు. 13 కోట్ల రూపాయలు మిగులుతాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. బొమ్మ మార్చడానికి ఎంత ఖర్చవుతుందో ఒక ప్రభుత్వమే చెప్పిన అరుదైన సందర్భం అది.

కమిటీలో మీరున్నారా?

వీటన్నిటికంటే దగ్గరి దారి పాఠశాల యాజమాన్య కమిటీ. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. సభకు పిల్లలను పంపేది లేదని కమిటీ తీర్మానం రాస్తే అది ఒక్క తల్లి ఫిర్యాదు కంటే బరువైనది.

చిక్కల్లా ఏంటంటే, ఆ కమిటీలూ పార్టీలకు కావాలి. 2024 ఆగస్టులో ఏపీలో జరిగిన కమిటీ ఎన్నికల్లో కొన్నిచోట్ల రెండు పార్టీల వాళ్లు బడి ముందే తోపులాటకు దిగారు. తెలంగాణలో అదే ఏడాది బడి పనుల బాధ్యతను అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు ఇచ్చారు. వాటికి అధ్యక్షులు మహిళా సంఘాల సమాఖ్య నుంచి వస్తారు, ఆమె పిల్లలు ఆ బడిలోనే చదవాలని లేదు. ఏపీలో కమిటీ గడువు రెండేళ్లు. ఈసారి ఎన్నిక నోటీసు మీ క్లాస్ గ్రూపులో వచ్చినప్పుడు ఫార్వర్డ్ మెసేజ్‌ల మధ్య దాటిపోనివ్వకండి. ఆ రోజు ఒక పూట సెలవు పెట్టి వెళ్లండి, వీలైతే మీరే నిలబడండి.