ఆ ఒడ్డున ఊరు ఉండదు

ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్‌కో గ్రీన్‌లాండ్‌కో చిన్న ఓడలో వెళ్లడానికి డబ్బు కట్టబోతున్నవాళ్లు, పిల్లలు టికెట్లు కొన్నారని బయల్దేరుతున్న పెద్దవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. మిమ్మల్ని వెళ్లొద్దనడం లేదు. వంద, రెండొందల మంది ఎక్కే ఓడ పెద్ద ఓడలు వెళ్లని ఇరుకు పాయల్లోకి కూడా తీసుకెళ్తుంది. నా భయం దాని గురించే. అంత లోపలికి సాయం తొందరగా రాదు.

2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు ఒడ్డునున్న గిరిజనులు పడవలేసుకొచ్చి కొందరినైనా బతికించారు. ఆర్కిటిక్‌లో చాలాచోట్ల ఒడ్డున ఊరే ఉండదు. 2023 సెప్టెంబరు 11న ఓషన్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడ ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని ఆల్పెఫియోర్డులో నేలకు తగిలి ఇరుక్కుంది. అందులో 206 మంది ఉన్నారు. వాళ్లకోసం కదిలిన డెన్మార్క్ గస్తీ నౌక 2,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. చివరికి 14న ఒక మత్స్య పరిశోధన నౌక లాగితే ఓడ కదిలింది. ఎవరికీ గాయాలు కాలేదు. ఆ మూడు రోజుల్లో తుపాను పట్టి ఉంటే? ధ్రువ సముద్రాల్లో తిరిగే ఓడలకు 2017 నుంచి అమల్లో ఉన్న పోలార్ కోడ్ అనే నిబంధనల ప్రకారం, సాయం వచ్చేదాకా కనీసం 5 రోజులు ప్రాణాలు నిలిపే ఏర్పాట్లు ఓడలో ఉండాలి. ఆ అంకె చూసైనా జాగ్రత్తపడండి.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఆ చలినీళ్లలో పడ్డ మొదటి నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు. పది నిమిషాలు గడిచేసరికి వేళ్లు తాడును కూడా పట్టలేవు. ఈతొచ్చన్న ధైర్యం అక్కడ పనికిరాదు. ఓడ నుంచి ఒడ్డుకు తీసుకెళ్లే రబ్బరు పడవ ఎక్కేముందే లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకోండి, తిరిగి ఓడ ఎక్కేదాకా విప్పకండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చేతుల్లో ఫోను, కెమెరా వద్దు. ఫొటో కోసం పడవలో లేచి నిలబడకండి, దయచేసి.

ఇంకాస్త దగ్గరికి పోనివ్వమని గైడును బతిమాలకండి. ఇది చేతులు జోడించి అడుగుతున్నాను. 2007 ఆగస్టులో స్వాల్‌బార్డ్‌లోని హార్న్‌సుండ్‌లో ఒక చిన్న ఓడ హిమానీనదం ముందుకు వెళ్లింది. మంచుగోడ విరిగి పడింది. పద్దెనిమిది మంది దాకా గాయపడ్డారు. తెల్ల ఎలుగుల దగ్గరా ఇంతే. 2025 నుంచి స్వాల్‌బార్డ్‌లో వాటికి 300 మీటర్ల దూరంలో ఉండాలి, మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్లు. ఇది చట్టం. ఇంత డబ్బు కట్టాం కదా అని మనం పట్టుబడితే, కాదనలేక గీత దాటే గైడు ఎక్కడో ఒకడు దొరుకుతాడు. అలా మెత్తబడే గైడే అసలు ప్రమాద సూచన.

కంపెనీని ముందే అడగండి. ఓడలో డాక్టరు ఉన్నారా? మంచులో తిరగడానికి ఓడకు ఏ స్థాయి అనుమతి ఉంది? రోగిని విమానంలో తరలించే ఖర్చు బీమాలో ఉందా? సూటిగా జవాబు చెప్పకుండా డిస్కౌంటు గురించే మాట్లాడేవాళ్లకు డబ్బు కట్టకండి. వీసా కూడా చూసుకోండి. స్వాల్‌బార్డ్ షెంగెన్ పరిధిలో లేదు. నార్వే మీదుగా వెళ్లి వచ్చే మనవాళ్లకు రెండుసార్లు ప్రవేశానికి పనికొచ్చే వీసా కావాలి.

ఆరోగ్య పత్రంలో మాత్రం ఏదీ దాచకండి. ఓడ ఎక్కనివ్వరేమోనని గుండెలో వేసిన స్టెంటు సంగతి, షుగరు సంగతి రాయకుండా వదిలేసేవాళ్లున్నారు. స్వాల్‌బార్డ్‌లోని లాంగ్‌ఇయర్‌బ్యెన్ ఊళ్లో ఉన్నది చిన్న ఆసుపత్రి. పెద్ద జబ్బయితే విమానంలో నార్వే ప్రధాన భూభాగానికి తీసుకెళ్లాలి. మీ మందులు రెండింతలు తెచ్చుకుని, సగం చేతి సంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, దాన్ని ఒంటికి ఆనించుకుని లోపలి జేబులో ఉంచుకోండి. ఏ మందు ఎక్కడుందో పక్క గదిలోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి.